జలగలు, జ్వరాలు, ఓ డొక్కు పడవ... అందులో పుట్టిన ప్రేమ!

షాట్ రెడీ. హీరోయిన్ చర్చిలో కూర్చుని ఆర్గాన్ వాయించాలి. కానీ ఆమెకి కడుపులో ఒకటే తిప్పుడు. చేసేదిలేక కెమెరాకి కనపడకుండా పక్కనే ఓ బకెట్ పెట్టారు. ‘కట్’ అనగానే బకెట్ దగ్గరికి పరుగు, పని కాగానే మళ్లీ ఆర్గాన్ ముందుకి!

ఇంత అవస్థ పడింది ఎవరో కొత్తమ్మాయి అనుకునేరు. అప్పటికే ఓ ఆస్కార్ గెలిచిన క్యాథరిన్ హెప్‌బర్న్. సినిమా పేరు ‘ది ఆఫ్రికన్ క్వీన్’. 1951లో వచ్చింది. హీరో హంఫ్రీ బోగార్ట్, దర్శకుడు జాన్ హ్యూస్టన్. డెబ్భై ఏళ్లు దాటినా అడ్వెంచర్ లవ్‌స్టోరీ అనగానే సినిమా పిచ్చోళ్లు ఇప్పటికీ తలుచుకునే పేరిది. తెరమీద కథ ఎంత బాగుంటుందో, దాని వెనక కథ అంతకన్నా రంజుగా ఉంటుంది!

ఇద్దరే మనుషులు, ఒక్కటే పడవ

ముందు కథేంటో చూద్దాం. 1914. తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల పాలనలో ఉన్న ఓ మారుమూల పల్లె. రోజ్ అనే పెళ్లికాని బ్రిటిష్ మహిళ, పాదిరీ అయిన అన్నతో కలిసి అక్కడ ఉంటుంది. యుద్ధం మొదలవుతుంది. జర్మన్ సైనికులు ఊరిని తగలబెట్టేస్తారు. ఆ దెబ్బకి అన్న మంచంపట్టి చనిపోతాడు. ఒంటరైపోయిన రోజ్‌ని తన పడవ ఎక్కించుకుంటాడు చార్లీ. గడ్డం గీయడు, స్నానం చేయడు, జిన్ సీసా వదలడు. అతని ఆవిరి పడవ పేరే ‘ఆఫ్రికన్ క్వీన్’. పేరుకి మహారాణే కానీ, పంపు మొరాయించినప్పుడల్లా కాలితో ఒక్క తన్ను తంతే తప్ప కదలదు!

చార్లీకి ఎక్కడైనా దాక్కుని ప్రాణాలు కాపాడుకుంటే చాలు. రోజ్ మాత్రం అలా అనుకోదు. నది దిగువన ఉన్న సరస్సులో జర్మన్ యుద్ధనౌక ఒకటి కాపలా కాస్తోంది. పడవలోని సామగ్రితో సొంతంగా టార్పెడోలు తయారుచేసి దాన్ని ముంచేద్దాం అంటుంది. చార్లీ నోరెళ్లబెడతాడు. అక్కణ్నుంచి సుడిగుండాలు, తుపాకీ గుళ్లు, దోమలు, జలగలు... వీటన్నింటి మధ్యా అస్సలు పొసగని ఆ ఇద్దరూ మెల్లగా దగ్గరవుతారు. క్లైమాక్స్ మాత్రం చెప్పను, చూడాల్సిందే.

ఈ కథకి మూలం సి.ఎస్.ఫారెస్టర్ 1935లో రాసిన నవల. దాని వెనకా ఓ నిజం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో టాంగన్యీకా సరస్సు మీద జర్మన్ల ఆధిపత్యాన్ని దెబ్బతీయడానికి బ్రిటన్ రెండు చిన్న పడవల్ని దక్షిణాఫ్రికా నుంచి రైలుమీద, అడవి దారుల్లో ఈడ్చుకుంటూ తీసుకెళ్లింది. అప్పుడక్కడ జర్మన్ల దగ్గరున్న పెద్ద ఓడని తర్వాత వాళ్లే ముంచేస్తే, బ్రిటిష్‌వాళ్లు దాన్ని పైకి తీసి ‘లియెంబా’ అని పేరు మార్చి ప్రయాణికుల కోసం నడిపారు.

స్టూడియో చాలదా?

ఆ రోజుల్లో అడవి కావాలంటే స్టూడియోలోనే సెట్ వేసేవాళ్లు. ఈ సినిమాకి కెమెరా పట్టిన జాక్ కార్డిఫ్‌కి అంతకుముందు ఆస్కార్ తెచ్చిన ‘బ్లాక్ నార్సిసస్’లోని మన హిమాలయాలు కూడా ఇంగ్లండ్ స్టూడియోలో పుట్టినవే! హ్యూస్టన్ మాత్రం ఆఫ్రికా వెళ్లాల్సిందే అని పట్టుబట్టాడు. అలా యూనిట్ మొత్తం అప్పటి బెల్జియన్ కాంగో, ఉగాండా అడవుల్లో దిగింది.

అప్పటి టెక్నికలర్ కెమెరా మన ఫోన్‌లా జేబులో పట్టేది కాదు. ఒకేసారి మూడు ఫిల్మ్ రీళ్లు తిరిగే ఆ బరువైన యంత్రాన్ని చిన్న పడవలో పెట్టి తిప్పడం అయ్యే పనేనా? అందుకే తెప్పలు కట్టి, పడవ నమూనాని ఒకదాని మీద, లైట్లూ జనరేటర్‌నీ వేరేవాటి మీద పెట్టి నదిలో లాక్కెళ్లారు. ఓ రోజు అసలు పడవే నదిలో మునిగిపోయింది. అందరూ కలిసి దాన్ని పైకి లాగాల్సొచ్చింది.

వీటికి తోడు క్యాంపు మీద చీమల దండయాత్ర. మలేరియా, విరేచనాలతో యూనిట్‌లో చాలామంది మంచాన పడ్డారు. ఆరోగ్యంగా మిగిలింది ముఖ్యంగా ఇద్దరు... బోగార్ట్, హ్యూస్టన్. కారణం? వాళ్లు మంచినీళ్లు ముట్టుకోకుండా విస్కీతోనే గడిపేశారట! వాళ్ల తాగుడు చూసి ఒళ్లుమండిన హెప్‌బర్న్ పంతానికి నీళ్లే తాగింది. ఆ నీళ్లే ఆమె కొంప ముంచాయి. తనని కుట్టిన దోమే చచ్చిపోయేదని బోగార్ట్ తర్వాత జోకులేసుకునేవాడు. ఇదేదో ఆరోగ్య సూత్రమనుకుని పాటించేరు సుమా!

బోగార్ట్ భార్య, నటి లారెన్ బకాల్ కూడా వెంట వెళ్లింది. సినిమాలో వేషం లేకపోయినా వంట చూసుకుంది, జబ్బుపడ్డవాళ్లకి సేవ చేసింది.

ఒక్క మాటతో పాత్ర మారింది

మొదట్లో హెప్‌బర్న్ రోజ్ పాత్రని బాగా సీరియస్‌గా చేస్తోంది. ఎప్పుడూ ముడుచుకున్న ముఖమే. హ్యూస్టన్ ఆమె దగ్గరికెళ్లి ఓ సలహా ఇచ్చాడు... అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆసుపత్రుల్లో గాయపడ్డ సైనికుల్ని పలకరించడానికి వెళ్లినప్పుడు ముఖాన చెరగని ఆ చిరునవ్వు గుర్తుతెచ్చుకోమని. అంతే! రోజ్ పాత్రకి ప్రాణమొచ్చింది. తాను విన్న దర్శకత్వపు సలహాల్లో అంత గొప్పది లేదని హెప్‌బర్న్ తర్వాత రాసుకుంది. ఆ షూటింగ్ జ్ఞాపకాలతో 1987లో ఏకంగా ఓ పుస్తకమే తెచ్చింది.

హ్యూస్టన్ అంత మంచోడేమీ కాదు. షూటింగ్ కన్నా ఏనుగుల వేట మీదే అతని ధ్యాస. స్క్రిప్టులో చేయివేసిన పీటర్ వీర్టెల్ ఆ పిచ్చినే నవలగా రాసేశాడు. 1990లో క్లింట్ ఈస్ట్‌వుడ్ దాన్ని ‘వైట్ హంటర్ బ్లాక్ హార్ట్’గా తీశాడు.

ఇక జలగల సీను... అది తీసింది లండన్ స్టూడియోలో. నిజమైన జలగలే కావాలని దర్శకుడు, ససేమిరా అని బోగార్ట్. చివరికి హీరో ఒంటిమీద రబ్బరు జలగలే అంటించారు. దగ్గరగా కనిపించే నిజమైన జలగ మాత్రం వేరే మనిషి ఛాతీ మీద ఉన్నది! నీళ్లలో దిగే సన్నివేశాలూ చాలావరకు స్టూడియో తొట్టెలోనే తీశారు. ఆఫ్రికా నదిలో మొసళ్లతో పాటు జబ్బులు తెచ్చే పురుగులూ ఉన్నాయి మరి.

అదొక్కటే ఆస్కార్

బోగార్ట్ జీవితంలో గెలిచిన ఒకే ఒక్క ఆస్కార్ ఈ సినిమాకే. ఆ ఏడాది పోటీలో ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ నటీనటులు మిగతా మూడు నటన అవార్డులూ ఎగరేసుకుపోయారు. ఆ సినిమా హీరో మార్లన్ బ్రాండో ఒక్కడే ఖాళీ చేతులతో మిగిలాడు, బోగార్ట్ వల్ల!

ఇప్పుడు చూస్తే లోపాలూ కనిపిస్తాయి. ఆఫ్రికాలో తీసిన సినిమాలో ఆఫ్రికన్లు దాదాపు గుంపుగానే కనిపిస్తారు. వాళ్ల ఊరు తగలబడితే కథ వెళ్లిపోయేది తెల్లవాళ్ల వెంటే. వలస పాలన రోజుల్లోని చూపది. ఆ సంగతి గుర్తుంచుకునే చూడాలి.

అయినా ఎందుకు చూడాలంటారా? షూటింగ్ నాటికి బోగార్ట్‌కి 51, హెప్‌బర్న్‌కి 44. మన దగ్గర యాభై దాటిన హీరో పక్కన పాతికేళ్ల హీరోయిన్ ఉండటం ఇప్పటికీ మామూలే. ఇక్కడ మాత్రం ముడతలు, చెమట, బురద ఏవీ దాచలేదు. ప్రేమ అందంచూసి పుట్టదు. విరిగిన ప్రొపెల్లర్‌ని ఇద్దరూ కలిసి బాగుచేసుకుంటున్నప్పుడు పుడుతుంది. ‘నీవల్ల కాదు’ అని ఒకరు, ‘చేద్దాం పద’ అని ఇంకొకరు అనుకుంటూ పెరుగుతుంది.

అన్నట్టు, 1912లో ఇంగ్లండ్‌లో తయారైన ఆ పడవ ఇంకా బతికే ఉంది. బాగుచేయించి అమెరికాలోని ఫ్లోరిడాలో, కీ లార్గో అనే ఊళ్లో పర్యాటకుల్ని ఎక్కించుకుని తిప్పారు. చిత్రమేంటంటే ‘కీ లార్గో’ అన్నది బోగార్ట్, హ్యూస్టన్ కలిసి 1948లో తెచ్చిన మరో సినిమా పేరు!

నిడివి గంటా ముప్పావు. ఈ ఆదివారం రీల్స్ కాసేపు పక్కన పెట్టి ఆ పడవెక్కి చూడండి. దిగాలనిపించదు!