నడువని పాతకారును కొనవచ్చునా?



ఎద్దును కొనువాడు పండ్లు చూచును, నడక చూచును, గిట్టలు తట్టి చూచును. ధర చౌక యని నడువలేని యెద్దును తోలుకొనివచ్చు రైతు మన యూళ్ళలో నుండడు. మోటారు కార్ల విషయమున మాత్రము నడువని దానినే వెదకి కొనువారు లోకమున పలువురు కలరు. విశేషించి ఇంగ్లండు దేశమున నిది యొక పెద్ద వ్యాసంగము. ఒకప్పుడు పేరుపొంది, యిప్పుడేదో కొట్టములో ధూళి గ్రమ్మి పడియున్న స్పోర్ట్సు కారును కొని, తీరిక వేళల బాగుచేసి, మరల బాటకెక్కించుట వారికి వేడుక. ఆ దేశమున స్థిరపడిన మన పిల్లలకును ఈ వేడుక యంటుకొనుట వింత గాదు. కూడబెట్టిన సొమ్ము దానిపై పెట్టబోవుచు ఇంటి పెద్దల సలహా నడిగినపుడు, ‘పాత యినుము మనకేల’ యని త్రోసివేయుటయు, ‘నీ యిష్ట’ మని యూరకుండుటయు, రెండును తగవు. విచారించి చెప్పవలసిన విధ మొకటి కలదు. దానినే నేడు మనవి చేయుదును.

ఉదాహరణమునకు ఎం.జి.బి. యను కారును తీసికొందము. ఇది ఇంగ్లండులోని ఆబింగ్డను పట్టణమున 1962 మొదలు 1980 వఱకు తయారైనది; ఐదు లక్షలకు పైగా బయలువెడలినది. దీని యంత్రము 1798 ఘన సెంటీమీటర్లది. కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో 2014 వఱకు తయారైన మన అంబాసిడరు కారునందు చిరకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు యంత్రము దీనికి జ్ఞాతియే. రెండును ఒక్క వంశమున పుట్టినవి. కావున నిది మనకు బొత్తిగా పరాయి వస్తువు కాదు.

మొదట ‘నడువదు’ అను మాటకు అర్థము నిర్ణయింపవలెను. పండ్రెండేండ్లు కదలక నిలిచినందున నడువనిది యొకటి. యంత్రము బిగిసికొని నడువనిది యొకటి. ఎవరో విప్పి, ముక్కలు పెట్టెలలో వేసి, మరల కూర్ప లేక విడిచినందున నడువనిది వేఱొకటి. మొదటిది రోగి, రెండవది మూర్ఛితుడు, మూడవది అస్థిసంచయము. విక్రేత మూటికిని ఒక్క మాటయే చెప్పును. కొనువాడు మూటిని వేఱుపఱచి తెలిసికొనవలెను.

యంత్రము బిగిసినదో లేదో తెలిసికొనుట సులభము. కారును నాలుగవ గేరులో నుంచి మెల్లగా ముందునకును వెనుకకును ఊపినచో, లోపల యంత్రము తిరుగుచున్నదో లేదో తెలియును. తిరుగనిచో బలవంతము పనికిరాదు. స్పార్కు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పలుచని నూనె పోసి, కొన్ని దినములు నానవిడిచి, పిమ్మట చేతితో త్రిప్పి చూడవలెను. నూనె కొలత పుల్లకు పాలవలె తెల్లని నురుగంటినచో నీరు నూనెలో కలిసినదేమో యని శంకింపవలెను. పెట్రోలు ఏండ్ల తరబడి నిలువయున్నచో చెడి జిగురగును. కార్బ్యురేటరును, తొట్టిని శుద్ధిచేయక యంత్రమును నడుప యత్నింపరాదు. ఈ దోషములన్నియు మేస్త్రీ చేత తీరునవి. వ్యయమును ముందుగా నించుమించు లెక్కకట్టవచ్చును.

అసలు భయము యంత్రమునందు లేదు, దేహమునందు కలదు. ఇదియే ఈ ప్రసంగమునకు ముఖ్యాంశము. ఎద్దుబండికి వలె ఈ కారునకు వేఱుగా చట్రము లేదు. రేకులతో కట్టిన మేనే చట్రము. తలుపుల క్రింద గడపలవలె నిడుపుగా నుండు ఉక్కు పెట్టెలు బరువునంతయు మోయును. పై కప్పు లేని కారునకు వీనిపై భారము మఱింత హెచ్చు. ఇంగ్లండులో శీతకాలమున మంచు కరగుటకై బాటలపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు ఈ పెట్టెలలో జొచ్చి లోపలినుండి త్రుప్పు పట్టించును. చెదలు తిన్న దూలమునకు సున్నము కొట్టినట్లు, పైకి రంగు మెఱయుచునే యుండును.

దీనిని పరీక్షించుటకు ఉపాయములు మూడు. ఒకటి, తలుపులు తెఱచి మూసి చూడవలెను. తలుపునకును దాని ప్రక్క రేకునకును నడుమ సందు పైన ఇఱుకై క్రింద వెడల్పయినచో నడుము క్రుంగినదని గ్రహింపవచ్చును. రెండు, చిన్న అయస్కాంతమునకు గుడ్డ చుట్టి గడప పెట్టెలవెంట జరుపవలెను. ఉక్కున్నచోట అంటును, పుట్టీతో పూడ్చినచోట అంటదు. (తొలి యేండ్ల కార్లకు ముందు మూత అల్యూమినియముది, అక్కడ అంటకుండుట దోషము కాదు.) మూడు, క్రింద పరుండి దీపముతో చూడవలెను, నేల రేకులు, ఆసనముల వెనుకనున్న బ్యాటరీ గూళ్ళు, వెనుక కమానులు తగిలించు చోట్లు వ్రేలితో నొక్కి చూడవలెను. పాత గడపలు కోసి క్రొత్తవి అతుకునపుడు కారునకు సరియైన ఊత లేకున్న మేను వంకరగా నిలిచిపోవును. ఆ పని నేర్పరులది, వ్యయమును అట్టిదే.

పిమ్మట వస్తువులు, పత్రములు. ఈ కారునకు విడిభాగములు నేటికిని దొరకును. 1988 మొదలు క్రొత్త మేనులను సైతము ఇంగ్లండులో తయారుచేయుచున్నారు. అపురూపమైన కారునకు ఈ సౌకర్యము లేదు; ఒక్క దీపపు చుట్టు కొఱకు సంవత్సరము వెదకవలసివచ్చును. కావున లేనివస్తువుల పట్టిక వ్రాసికొనక బేరమాడరాదు. బ్రిటనులో వాహనపు నమోదు పత్రము యాజమాన్యమునకు సాక్ష్యము కాదు. అమ్మువాని హక్కును వేఱుగా విచారించి, రసీదు పుచ్చుకొనవలెను. 40 ఏండ్లు దాటి, పెద్ద మార్పులు పొందని కార్లకు 2018 నుండి అక్కడ వార్షిక పరీక్ష తప్పనిసరి కాదు. అంతమాత్రమున పాత బ్రేకులు పట్టవు, ఎండిన టైర్లు నిలువవు.

ఇక లెక్క. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెతకు దీనిని మూడవదిగా చేర్పవచ్చును. చక్కగా నడచు అట్టి కారు ధర నూఱు పాళ్ళనుకొందము. నడువనిది ఇరువదియైదు పాళ్ళకే వచ్చినది. మేనికి అరువది, రంగునకు ముప్పది, యంత్రమునకు పదునైదు, ఆసనములకును తొడుగులకును పదునైదు అయినచో, మొత్తము నూటనలువదియైదు. ఇవి దృష్టాంతమునకు చెప్పిన యంకెలేగాని అంగడి ధరలు కావు. క్రమము మాత్రమిదియే: మంచి కారు ధరనుండి బాగుచేయు ఖర్చును, కనబడని దోషములకై కొంత సొమ్మును తీసివేయగా మిగిలినది అమ్మువాడు చెప్పిన ధరకు తక్కువయైనచో, లాభదృష్టితో కొనరాదు. అప్పుచేసి యసలే కొనరాదు.

లాభము లేకున్నను కొనుట తగునా? తగు సందర్భము కలదు. ఒకనికి కారు నడుపవలెనని కోరిక; మఱియొకనికి స్వహస్తములతో బాగుచేయవలెనని కోరిక. మొదటివాడు నడచునదే కొనుట మేలు. రెండవవానికి పనియే ఫలము; కాని వానికి కప్పున్న చోటు, వారమునకు కొన్ని గంటల తీరిక, ఇంటివారి సమ్మతి యుండవలెను. ఇవి లేక మొదలిడిన వాని కారు పెట్టెలలో ముక్కలై మిగిలి, కడకు భార్యాబిడ్డలకు భారమగును. అమ్మకమునకు వచ్చు నడువని కార్లలో పెక్కింటి చరిత్ర యిట్టిదే.

మన యూళ్ళ సావళ్ళలోను పాత కార్లు కలవు. 2021లో సవరింపబడిన మన కేంద్ర నిబంధనల ప్రకారము, తొలి నమోదు నాటినుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపము చెడని సొంత వాహనమును ప్రాచీన వాహనముగా నమోదు చేయింపవచ్చును. అట్టిది ప్రదర్శనములు, ర్యాలీలు మొదలగు వానికే గాని నిత్యప్రయాణమునకు గాదు. బాగుచేయువాడు దీనిని ముందే యెఱుగవలెను.

కావున సలహా నడిగిన పిల్లవానికి నాలుగు ప్రశ్నలు వ్రాయుడు. గడపలు గట్టివేనా? వస్తువులన్నియు నున్నవా? లెక్క కాగితముపై వేసితివా? పని చేయుటకు తీరికయు, ఇంటివారి సమ్మతియు కలవా? నాలుగింటికిని ‘ఔ’ నని నిజమైన యుత్తరము వచ్చినచో ఆశీర్వదింపుడు. మొదటిదానికే ‘కా’ దన్నచో, యంత్రము పాడినను కొనవద్దనుడు.