యూనిట్ 9: పాతవాటిని పలుచన చేసే ఆంగ్ల వాడుక మాటలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• అరిగిన, మాసిన, నాసిరకం, కాలం దాటిన వస్తువులకు ఆంగ్లంలో వాడే మాటల మధ్య తేడాలను వివరించగలుగుతారు.
• వాటిలో కొన్నింటి పుట్టుకను తెలపగలుగుతారు.
• ఏ మాటను ఎక్కడ వాడాలో, ఎక్కడ మానుకోవాలో నిర్ణయించుకోగలుగుతారు.

9.1 పరిచయం

పాతవస్తువు ఏదైనా సరే 'పాత' అన్న ఒక్క మాటతో మనం సరిపెట్టుకోం. బస్సయితే 'డొక్కు బస్సు' అంటాం. ఇల్లయితే 'పాడుబడ్డ ఇల్లు', చొక్కా అయితే 'వెలిసిపోయిన చొక్కా', ఎన్నోసార్లు విన్న సంగతైతే 'పాత చింతకాయ పచ్చడి' అంటాం. వీటిని తారుమారు చేసి 'పాడుబడ్డ చొక్కా' అంటే వినేవాళ్లు నవ్వుతారు.

ఆంగ్లంలోనూ ఇంతే. చిన్న నిఘంటువులో 'షాబీ', 'ట్యాకీ', 'డౌడీ' వంటి మాటల ఎదుట దాదాపు ఒకే అర్థం కనిపిస్తుంది. కాని వీటిలో ఒకటి వస్తువు స్థితిని చెబుతుంది, మరొకటి దాన్ని ఎంచుకున్న మనిషి అభిరుచిని ఎత్తిపొడుస్తుంది. ఈ తేడా తెలియకపోతే, వ్యాకరణ దోషం ఒక్కటీ లేని వాక్యంతోనే ఎదుటివారిని నొప్పించే ప్రమాదం ఉంది.

9.2 అరిగినవి, మాసినవి

వీటిలో అందరికీ తెలిసిన మాట 'షాబీ'. పుండు మీద కట్టే పక్కుకు ఉన్న పాత ఆంగ్ల పదం దీనికి మూలం. 17వ శతాబ్దం నుంచి ఇది వాడుకలో ఉంది. చాలాకాలం వాడి, శ్రద్ధ తీసుకోక కళతప్పిన బట్టలకు, కుర్చీలకు, గదులకు దీన్ని వాడతారు. ప్రవర్తనకూ ఇది వర్తిస్తుంది. 'షాబీ ట్రీట్‌మెంట్' అంటే అన్యాయంగా, చిన్నచూపుతో వ్యవహరించడం.

దీని నుంచి 'షాబీ జెంటీల్' అనే పదబంధం వచ్చింది. ఆస్తి పోయినా పరువు కోసం పాతకోటునే శుభ్రం చేసి తొడుక్కొని తిరిగేవారిని ఇలా అనేవారు. చార్లెస్ డికెన్స్ 1830లలో ఇలాంటివారిని గురించి ఒక రచన చేశాడు. థాకరే 1840లో రాసిన ఒక కథ పేరులోనే ఈ పదబంధం ఉంది. మన 'బతికిచెడ్డ కుటుంబం' అన్న మాట దీనికి చాలా దగ్గర.

'ట్యాటీ' ఎక్కువగా బ్రిటన్‌లో వినిపిస్తుంది. అంచులు చిరిగి, పోగులు లేచిన పుస్తకాలకు, తెరలకు ఇది సరిపోతుంది. 'స్క్రఫీ' అంటే తల దువ్వుకోక, మాసిన బట్టలతో ఉన్న మనిషి. ఇందులో పేదరికం కన్నా అశ్రద్ధే ప్రధానం.

'సీడీ' అన్న మాటను జాగ్రత్తగా వాడాలి. ఇది 'సీడ్', అంటే విత్తనం, నుంచి వచ్చింది. ఆకుకూర ముదిరి గింజకొస్తే పనికిరాకుండా పోతుంది కదా! ఆ పోలికతోనే కళతప్పినవాటికి ఈ మాట వచ్చింది. అయితే నేడు 'సీడీ లాడ్జ్' అంటే పాతబడిన లాడ్జి మాత్రమే కాదు, అక్కడ ఏదో అనైతికం జరుగుతోందన్న అనుమానం కూడా. పాతదైనా మర్యాదస్తుల లాడ్జిని అలా అనకూడదు.

కూలడానికి సిద్ధంగా ఉన్న కట్టడానికి, లొడలొడలాడే వాహనానికి 'ర్యామ్‌షాకిల్' అంటారు. మన 'డొక్కు'కు ఇది దగ్గరి మాట.

9.3 నాసిరకం: 'షాడీ' కథ

'షాడీ' మొదట తిట్టు కాదు, ఒక సరుకు పేరు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, బాట్లే పట్టణంలో, 1813 ప్రాంతంలో బెంజమిన్ లా అనే వ్యాపారి పాత ఉన్ని గుడ్డలను చీల్చి పీచుగా మార్చి, కొత్త ఉన్నితో కలిపి నూలు వడికించే పద్ధతిని తెచ్చాడు. ఆ ఉన్నికి 'షాడీ' అని పేరు. అది చవక కాబట్టి బాగా అమ్ముడయింది.

అమెరికా అంతర్యుద్ధకాలంలో, 1861 - 65 మధ్య, కొందరు కాంట్రాక్టర్లు ఇలాంటి నాసి గుడ్డతో సైనికుల దుస్తులు కుట్టించి ఇచ్చారు. అవి కొద్దికాలానికే చినిగిపోయాయి. లాభం కోసం సైనికులను మోసగించారన్న కోపం ఆ గుడ్డ పేరుకు అంటుకుంది. అప్పటి నుంచి 'షాడీ' అంటే నాసిరకం అనే అర్థం స్థిరపడింది. హర్యానాలోని పానిపట్‌లో పాత ఉన్నిబట్టలతో కంబళ్లు తయారుచేసే పరిశ్రమలో మాత్రం ఈ మాట నేటికీ సరుకు పేరే. అక్కడ అది అవమానం కాదు.

రెండు విషయాలు గమనించండి. ఒకటి, షాడీ వస్తువు పాతదే కానక్కరలేదు. నిన్న వేసి నేడు పగిలిన రోడ్డు కూడా 'షాడీ వర్క్'. రెండు, 'షేడీ' వేరే మాట. దాని అర్థం అనుమానాస్పదం.

9.4 అభిరుచిని తప్పుపట్టేవి

'ట్యాకీ' అన్నది 19వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో బక్క గుర్రానికి పేరు. తరువాత అక్కడి పేద గ్రామీణులను అలా పిలిచారు. ఆ తరువాతే 'అభిరుచి లేని, ఆర్భాటమైన' అనే అర్థం వచ్చింది. అంటే ఉన్నవారు లేనివారిని చూసిన చూపు ఈ మాటలో దాగి ఉంది. కొత్తది, ఖరీదైనది కూడా ట్యాకీ కావచ్చు. పెయింటు ఆరక చేతికి అంటుకుంటున్నప్పుడు వాడే 'ట్యాకీ' వేరే పదం.

బ్రిటన్‌లో దాదాపు ఇదే అర్థంలో 'నాఫ్' అంటారు. దాని పుట్టుకపై నిఘంటుకారులకు ఏకాభిప్రాయం లేదు.

'డౌడీ', 'ఫ్రంపీ' అంటే కళలేని, పాత పద్ధతి దుస్తులు వేసుకున్న అని అర్థం. ఈ రెండింటినీ ఎక్కువగా స్త్రీల గురించే వాడతారు. ఇలా తీర్పు చెప్పే మాటలు ఎవరి మీద ఎక్కువగా పడుతున్నాయో గమనించడం కూడా భాషాధ్యయనంలో భాగమే.

9.5 కాలం దాటినవి

మన 'పాత చింతకాయ పచ్చడి'కి ఆంగ్లంలో జోడు 'ఓల్డ్ హ్యాట్'. ఆలోచనలకు, పద్ధతులకు దీన్ని వాడతారు. 'దట్ ఈజ్ ఓల్డ్ హ్యాట్' అనాలి. మధ్యలో 'యాన్' చేరిస్తే నిజంగానే పాత టోపీ అని అర్థం వస్తుంది.

'డేటెడ్' మృదువైన మాట. 'ఆబ్సొలీట్' సాంకేతికమైనది. వాడుక ఆగిపోయిన యంత్రాలకు సరిపోతుంది. 'ఓల్డ్ ఫ్యాషన్డ్' సందర్భాన్నిబట్టి మెచ్చుకోలు కూడా కావచ్చు. ఇక 'వింటేజ్' పాతదనానికి విలువ కట్టే మాట. అది మొదట ద్రాక్షకోతకు, ఆ ఏటి ద్రాక్షసారాయికి పేరు.

9.6 ఎక్కడ వాడాలి?

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ చదువుతున్నవారు. ఆంగ్లంలో అర్జీలు, నివేదికలు రాయవలసి రావచ్చు. పాఠశాల భవనం మరమ్మతు కోసం రాసే అర్జీలో 'ర్యామ్‌షాకిల్' అనకుండా 'డిలాపిడేటెడ్' అని రాయండి. సరుకు బాగాలేదని కంపెనీకి రాసేటప్పుడు 'పూర్ క్వాలిటీ' చాలు.

మాట్లాడేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను చెబుతున్నది వస్తువు స్థితినా, మనిషి అభిరుచినా? ఆ వస్తువు ఎవరిది? వినేవారు ఎవరు? 'మై షాబీ ఓల్డ్ బ్యాగ్' అంటే సొంత సంచి మీద ఆప్యాయత. తోటి ఉద్యోగి సంచిని షాబీ అంటే అవమానం. కొత్తది కొనలేక దాన్నే మోస్తున్నవారికి ఆ మాట మరింత గుచ్చుకుంటుంది.

9.7 సారాంశం

'షాబీ', 'ట్యాటీ' వాడకంవల్ల కలిగిన అరుగుదలను చెబుతాయి. 'షాడీ' తయారీలోని లోపాన్ని, 'ట్యాకీ', 'నాఫ్', 'డౌడీ' అభిరుచిపై తీర్పును, 'ఓల్డ్ హ్యాట్', 'డేటెడ్' కాలం దాటడాన్ని తెలుపుతాయి. వీటిలో చాలావరకు మాటల్లో వాడదగినవే కాని అధికారిక రచనకు తగవు.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. కొత్త వస్తువును 'షాడీ' అనవచ్చా? ఎందుకు?
2. 'సీడీ', 'షాబీ' మాటల మధ్య తేడా ఏమిటి?
3. మీ ఊళ్లో పాతవస్తువులకు వాడే మూడు తెలుగు మాటలు రాసి, వాటికి దగ్గరి ఆంగ్ల మాటలను ఎంచుకోండి.