కణ త్వరణ యంత్రం

విద్యుదావేశం గల సూక్ష్మ కణాలకు విద్యుత్ క్షేత్రం ద్వారా శక్తిని సమకూర్చి, అయస్కాంత క్షేత్రంతో వాటి దారిని మలచి, ఒక లక్ష్యంపైకి గాని ఎదురుగా వచ్చే మరొక కణపుంజంపైకి గాని పంపే సాధనాన్ని కణ త్వరణ యంత్రం అంటారు. పరమాణు కేంద్రకాన్ని శోధించడానికి మొదలైన ఈ యంత్రాలు, కాలక్రమంలో విశ్వపు తొలి క్షణాలలో పదార్థం ఏ స్థితిలో ఉండేదో పరీక్షించే సాధనాలుగా ఎదిగాయి. వీటికి ఆధారమైన కేంద్రక భౌతికశాస్త్రాన్ని తెలుగునాట నెలకొల్పినవారిలో గోదావరి డెల్టాకు చెందిన స్వామి జ్ఞానానంద (1896–1969) ముఖ్యులు.

పనిచేసే విధానం

ఒక వోల్టు విద్యుత్ పీడన భేదాన్ని దాటినప్పుడు ఎలక్ట్రాను పొందే శక్తిని ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటారు. పాతకాలపు టెలివిజన్ చిత్రనాళిక కూడా ఒక చిన్న త్వరణ యంత్రమే. అందులో ఎలక్ట్రానులు సుమారు 20,000 వోల్టుల పీడన భేదంతో వేగం పుంజుకొని తెరను తాకేవి.

అంతకంటె ఎన్నో రెట్లు శక్తి కావాలంటే ఒకే తోపు చాలదు. ఊయలను సరైన సమయంలో మళ్ళీ మళ్ళీ తోసి ఎత్తుకు చేర్చినట్లే, కణాన్ని అయస్కాంతాలతో వలయంలో తిప్పుతూ ప్రతి చుట్టులోను కొంత శక్తిని చేరుస్తారు. కణం దారిలో గాలి అణువులు ఉంటే వాటిని ఢీకొని చెదిరిపోతుంది. కనుక గొట్టంలో అత్యున్నత శూన్యాన్ని కల్పించడం తప్పనిసరి.

చరిత్ర

1931లో అమెరికాలోని బర్క్‌లీలో ఎర్నెస్ట్ లారెన్స్, స్టాన్లీ లివింగ్‌స్టన్ అరచేతిలో ఇమిడే సైక్లోట్రాన్‌తో కణాలకు 80,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని సమకూర్చారు. 1932లో కేంబ్రిడ్జిలో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ త్వరణం పొందిన ప్రోటానులతో లిథియం కేంద్రకాన్ని చీల్చారు. అదే సంవత్సరం న్యూట్రానును కనుగొన్న జేమ్స్ చాడ్విక్ 1935లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి మారారు. ఆయన అక్కడ నిర్మింపజేసిన సైక్లోట్రాన్ 1939లో పనిచేయనారంభించింది.

స్వామి జ్ఞానానంద

చాడ్విక్ వద్ద పరిశోధన చేసిన భారతీయులలో స్వామి జ్ఞానానంద ఒకరు. ఆయన పూర్వనామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. జన్మస్థలం నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని గొరగనమూడి. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలలో సాధన చేసి, 1927లో జర్మనీకి వెళ్ళారు. ఐరోపాలో ఆయన దృష్టి భౌతికశాస్త్రం వైపు మళ్ళింది. ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్-కిరణ వర్ణపటాలపైన, తరువాత లివర్‌పూల్‌లో బీటా కిరణాలపైన పరిశోధించారు.

బీటా కిరణాలంటే కేంద్రకం నుండి వెలువడే ఎలక్ట్రానులు. అయస్కాంత క్షేత్రంలో అవి ఎంత వంగుతాయో కొలిచి వాటి శక్తిని నిర్ణయిస్తారు. శక్తి పెరిగేకొద్దీ వంపు తగ్గుతుంది. నేటి మహాయంత్రాలలోని శోధకాలు కూడా విద్యుదావేశం గల కణాలను ఇదే సూత్రంతో కొలుస్తాయి. ఉన్నత శూన్యాన్ని కల్పించే, కొలిచే పద్ధతులపై ఆయన రచించిన "హై వాక్యువా" అనే ఆంగ్ల గ్రంథం 1947లో న్యూయార్కులో వెలువడింది. స్వదేశానికి వచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన పిదప, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1956లో ఏర్పడిన కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు అధిపతి అయ్యారు. అక్కడి కేంద్రక పరిశోధనశాలలకు ఆయన పేరు పెట్టారు.

విశ్వావిర్భావంతో సంబంధం

విశ్వం సుమారు 1,380 కోట్ల సంవత్సరాలుగా వ్యాకోచిస్తూ చల్లబడుతోంది. కాలంలో వెనుకకు వెళ్ళేకొద్దీ ఉష్ణోగ్రత, తద్వారా కణాల సగటు శక్తి పెరుగుతాయి. కనుక రెండు కణాలను అధిక శక్తితో ఢీకొట్టిస్తే, తొలి విశ్వంలో సర్వత్రా జరిగిన సంఘటనల వంటివి అతి చిన్న ప్రదేశంలో క్షణకాలం సంభవిస్తాయి.

జెనీవా సమీపంలో సెర్న్ సంస్థ నిర్మించిన లార్జ్ హాడ్రాన్ కొలైడర్ చుట్టుకొలత సుమారు 27 కి.మీ. ఇది రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన పొడవుకు ఇంచుమించు పదిరెట్లు. ఇందులో ప్రోటాను సెకనుకు 11,000కు పైగా చుట్లు తిరుగుతుంది. 2022లో ఒక్కొక్క ప్రోటానుకు 6.8 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని సమకూర్చారు.

ఈ యంత్రంలో 2010 నుండి జరిగిన సీసపు కేంద్రకాల తాడనాలలో సూర్యగర్భం కంటె లక్షరెట్లకు మించిన వేడి పుట్టింది. ఆ వేడిలో ప్రోటానులు, న్యూట్రానులు కరిగి క్వార్కులు, గ్లూవానుల ద్రవంగా మారాయి. విశ్వం పుట్టిన తొలి కొన్ని మైక్రోసెకనులలో పదార్థం ఇలాగే ఉండేది. మూలకణాలకు ద్రవ్యరాశి కలగడానికి కారణమైన క్షేత్రానికి సాక్ష్యంగా నిలిచే హిగ్స్ బోసాన్‌ను కనుగొన్నట్లు 2012 జూలై 4న ప్రకటించారు.

అపోహలు

2008 సెప్టెంబరు 10న ఈ యంత్రంలో తొలిసారి ప్రోటానులను తిప్పినప్పుడు, అందులో కృష్ణబిలం పుట్టి భూమిని మింగివేస్తుందన్న వదంతి మన దేశంలోను వ్యాపించింది. నిజానికి ఇంతకంటె అధిక శక్తి గల విశ్వకిరణాలు కోట్లాది సంవత్సరాలుగా వాతావరణపు పై పొరలను ఢీకొంటూనే ఉన్నాయి. భూమికి ఏ హానీ కలుగలేదు.

ఈ యంత్రాలు విశ్వజననాన్నే తిరిగి జరిపిస్తాయన్నది మరొక అపోహ. అవి చూపేది విశ్వం పుట్టిన తరువాతి దశల నాటి పదార్థ స్వభావాన్ని మాత్రమే. విశ్వం ఎందుకు పుట్టింది, అంతకు ముందు ఏమున్నది అనే ప్రశ్నలకు ఈ ప్రయోగాలు సమాధానం ఇవ్వలేవు.

భారతదేశంలో

కలకత్తాలోని సైక్లోట్రాన్ 1977లో పనిచేయనారంభించింది. ఇండోర్‌లోని కేంద్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్ నిర్మాణంలో పాలుపంచుకొంది. 2017లో భారతదేశం సెర్న్‌లో సహసభ్య దేశమయింది. హైదరాబాదులో పదార్థాల సంఘటనాన్ని పరీక్షించే జాతీయ కేంద్రంలో 30 లక్షల వోల్టుల త్వరణ యంత్రం ఉంది. అది విశ్వావిర్భావ పరిశోధనకు కాక, పదార్థాలలోని మూలకాలను గుర్తించడానికి ఉద్దేశించినది.

తేలవలసిన ప్రశ్నలు

తొలి విశ్వంలో ద్రవ్యం, ప్రతిద్రవ్యం దాదాపు సమానంగా ఏర్పడి ఉండాలి. అవి రెండూ కలిస్తే నశించి కాంతిగా మారుతాయి. అయినా కొంత ద్రవ్యం మిగిలింది. నక్షత్రాలు, భూమి, జీవరాశి ఆ మిగులుతోనే రూపొందాయి. ప్రోటానులు చేరిన బేరియాన్ల కుటుంబంలో ద్రవ్య, ప్రతిద్రవ్య కణాల విఘటనలో తేడా ఉన్నదని సెర్న్ శాస్త్రజ్ఞులు 2025లో ప్రకటించారు. అయితే ఇంతవరకు తెలిసిన తేడాలు ఈ మిగులును వివరించడానికి చాలవు. విశ్వంలో సాధారణ పదార్థానికి ఐదు రెట్లకు పైగా ఉన్న కృష్ణపదార్థం ఏ కణాలతో ఏర్పడిందో కూడా తేలవలసి ఉంది.