సి డ్రైవ్ నిండింది, డి ఖాళీగా ఉంది: జాగా మార్చే ముందు తెలుసుకోవాల్సినవి

మెట్‌పల్లి: ఇంట్లో ఐదారేళ్ల కిందట కొన్న కంప్యూటర్. పిల్లల ప్రాజెక్టులు, స్కాలర్‌షిప్ ఫారాలు, పాస్‌పోర్ట్, ఇఖామా స్కాన్ కాపీలు, దుబాయ్ నుంచో జెద్దా నుంచో అబ్బా పంపిన ఫొటోలు, ఆపా నిఖా వీడియో, అన్నీ అందులోనే ఉంటాయి. ఒకరోజు స్క్రీన్ మూలన 'లో డిస్క్ స్పేస్' అని వస్తుంది. 'దిస్ పీసీ' తెరిచి చూస్తే సి డ్రైవ్ గీత ఎర్రగా ఉంటుంది. పక్కనే డి డ్రైవ్ సగం కూడా నిండి ఉండదు. "డిలో మస్తు జాగా ఉంది కదా, అందులకెళ్లి కొంచెం సికి ఇస్తే అయిపాయె" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు.

ఇవ్వొచ్చు. విండోస్‌లోనే ఆ సౌకర్యం ఉంది, పైసా ఖర్చు లేదు. కానీ చాలా వీడియోల్లో రెండు నిమిషాల్లో చూపించే పద్ధతిలో ఒక మెట్టు 'డిలీట్ వాల్యూమ్'. అది నొక్కితే డి డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లు ఎన్నో. అలాంటి ఇంట్లో పదేళ్ల కుటుంబం మొత్తం ఆ డి డ్రైవ్‌లోనే ఉండొచ్చు. అందుకే ఆ మెట్టు ఎందుకు వస్తుందో ముందు అర్థం చేసుకోవాలి.

2016 అక్టోబర్ 11న మెట్‌పల్లి కరీంనగర్ జిల్లా నుంచి కొత్త జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. ఒక్క ఇల్లు కదల్లేదు. 63వ నంబర్ జాతీయ రహదారి ఉన్నచోటే ఉంది. మారింది రికార్డుల్లో గీత. హార్డ్ డిస్క్‌లో పార్టిషన్ అన్నా అలాంటి గీతే. లోపల ఉన్న డిస్క్ ఒక్కటే. దాని మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. సి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, డి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని అందులో రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆ పట్టిక చూసే రెండు డ్రైవ్‌లు ఉన్నట్టు మనకు చూపిస్తుంది.

ఇక్కడే ఒక పెద్ద అపోహ. "ఫొటోలు డిలో ఉన్నాయి, సేఫ్" అని చాలామంది అనుకుంటారు. విండోస్ పాడై సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాల్సి వస్తే డి మిగులుతుంది, అంతవరకు నిజమే. కానీ డిస్క్ పాడైతే సి, డి రెండూ ఒకేసారి పోతాయి. ఒకే ఇంట్లో రెండు గదులవి, వేరే ఇల్లు కాదు.

అసలు ఈ గదులు ఎందుకు చేశారు? 1990లలో వాడిన ఫ్యాట్16 పద్ధతిలో విండోస్ 95 కంప్యూటర్‌లో ఒక డ్రైవ్ 2 జీబీ దాటేది కాదు. అంతకంటే పెద్ద డిస్క్ కొంటే ముక్కలు చేయక తప్పేది కాదు. ఆ అవసరం ఎప్పుడో తీరిపోయింది, అలవాటు మాత్రం షాపుల్లో ఉండిపోయింది. 500 జీబీ డిస్క్ పెట్టి సికి 100 జీబీ, మిగిలింది డికి ఇవ్వడం ఇప్పటికీ మామూలే. (500 అని కొంటే 465 ఎందుకు కనిపిస్తుందని షాపతనితో గొడవ పడనక్కర్లేదు. కంపెనీ జీబీని వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది.) ఆ 100 జీబీ అప్పట్లో ఎక్కువే. ఇప్పుడు విండోస్, దాని అప్‌డేట్‌లు, బ్రౌజర్, ఆఫీస్ కలిసి అందులో చాలా భాగం తినేస్తాయి. పైగా డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు ఉండేది సిలోనే. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైల్ కూడా సిలోనే ఉంటుంది. ఈ సంగతి తెలియక "సిని ఫార్మాట్ చేయండి, అందులో ఏం లేవు" అని షాపులో చెప్పి డెస్క్‌టాప్ మీది ఫైళ్లన్నీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక జాగా మార్చే సంగతి. బజార్‌లో మూడు మడిగెలు వరుసగా ఉన్నాయనుకుందాం. మొదటి మడిగె పెద్దగా చేయాలంటే రెండో మడిగెలో గోడకు ఆనుకుని ఉన్న జాగా కావాలి. రెండో మడిగె అవతలి చివర పది గజాలు ఖాళీ చేసిచ్చినా మొదటివాడికి లాభం లేదు, మధ్యలో రెండోవాడి సామాను ఉంది. విండోస్‌లో 'ష్రింక్ వాల్యూమ్' సరిగ్గా ఇదే చేస్తుంది. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన ఈ సౌకర్యం డ్రైవ్‌ను ఎప్పుడూ కుడివైపు చివర నుంచే తగ్గిస్తుంది. డిని తగ్గిస్తే ఖాళీ జాగా డి అవతల పడుతుంది. సికి మాత్రం తన కుడివైపు ఆనుకుని ఉన్న ఖాళీ కావాలి. అందుకే డిని తగ్గించాక సి మీద రైట్ క్లిక్ చేస్తే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' మసకగానే ఉంటుంది, నొక్కినా పలకదు. కంప్యూటర్ చెడిపోలేదు, జాగా తప్పు చోట ఉంది. డిని మొత్తం తీసేస్తే ఖాళీ సి పక్కకు వస్తుంది కాబట్టి వీడియోల్లో 'డిలీట్' అని చెబుతారు.

దానికి ముందు చూసుకోవాల్సింది, పార్టిషన్‌ను అసలు ముట్టుకోవాలా అన్నది. చాలా ఇళ్లలో అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ తెరిస్తే పాత అప్‌డేట్‌ల చెత్త జీబీల కొద్దీ కనిపిస్తుంది, తీసేయొచ్చు. ఆ జాబితాలో 'డౌన్‌లోడ్స్' అనే గడి కూడా ఉంటుంది. దానికి టిక్ పెడితే డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు కూడా పోతాయి, చూసి నొక్కాలి.

ఆ తర్వాత పెద్ద ఫోల్డర్లను డికి పంపాలి. ముందు డిలో 'పిక్చర్స్' అనే కొత్త ఫోల్డర్ చేసుకోవాలి. తర్వాత సిలోని పిక్చర్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్ అని వెళ్లి ఆ కొత్త ఫోల్డర్‌ను చూపించాలి. ఫోల్డర్ చేయకుండా నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే తర్వాత వెనక్కి మార్చడం తలనొప్పి. డౌన్‌లోడ్స్, వీడియోస్‌కూ ఇదే పద్ధతి. ఇకపై వచ్చే ఫైళ్లు కూడా డిలోకే వెళ్తాయి. పార్టిషన్ గీత కదపకుండానే 30, 40 జీబీ ఖాళీ అయ్యే ఇళ్లు ఉంటాయి. ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ అనే ఫోల్డర్లను మాత్రం ఇలా జరపకూడదు, కంప్యూటర్ ఆగిపోతుంది.

అయినా చాలకపోతే అప్పుడు పార్టిషన్. మొదటి పని డిలో ఉన్నదంతా బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయడం. 'కట్' కాదు, 'కాపీ'. కాపీ అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయో లేదో చూడాలి. నాలుగైదు ఫొటోలు, నిఖా వీడియో, ఒకటి రెండు స్కాన్ కాపీలు బయటి డిస్క్ నుంచే తెరిచి చూడాలి. ఈ అరగంట ఓపిక లేకపోతే మిగతా పని మొదలుపెట్టకపోవడమే మంచిది. పాస్‌పోర్ట్, నిఖానామా, మెమోల స్కాన్ కాపీలను విడిగా ఒక పెన్ డ్రైవ్‌లో కూడా పెట్టుకుంటే ఇంకా నయం.

తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవాలి. కింద పెట్టెలు వరుసగా కనిపిస్తాయి. సి, డి పక్కపక్కనే ఉన్నాయో, మధ్యలో ఇంకేమైనా ఉందో చూడాలి. బయటి డిస్క్ తగిలించి ఉంటే తీసేయాలి. పొరపాటున దాన్నే డిలీట్ చేసే ప్రమాదం ఉండదు. డి మీద రైట్ క్లిక్ చేసి 'డిలీట్ వాల్యూమ్' అంటే ఆ జాగా నల్ల గీతతో 'అన్‌అలొకేటెడ్' అని మారుతుంది. ఇప్పుడు సి మీద 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' వెలుగుతుంది. ఎంత కలపాలో ఎంబీల్లో అడుగుతుంది. 60 జీబీ కావాలంటే 61440 అని కొట్టాలి. మొత్తం ఇచ్చేస్తే మళ్లీ డి మిగలదు. తర్వాత మిగిలిన ఖాళీ మీద 'న్యూ సింపుల్ వాల్యూమ్' చేసి, డి అనే అక్షరం ఇచ్చి, ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేసి, ఫైళ్లను వెనక్కి కాపీ చేసుకోవాలి. పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ముందే డికి మార్చి ఉంటే డిలీట్‌కు ముందు వాటిని లొకేషన్‌లోనే సికి తిప్పుకోవాలి.

నాలుగు చోట్ల ఆగి ఆలోచించాలి. సికి, డికి మధ్య 'రికవరీ' అనే చిన్న పెట్టె ఉంటే సి పెరగదు, అది అడ్డు గోడ. విండోస్ మొరాయించినప్పుడు బాగు చేసేది అదే కాబట్టి తెలియకుండా తీసేయకూడదు. దాని సైజు కూడా చిన్న విషయం కాదు. 2024 జనవరిలో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి రికవరీ పార్టిషన్‌లో చాలినంత జాగా లేక చాలా కంప్యూటర్లలో ఎక్కలేదు, దాన్ని 250 ఎంబీ పెంచుకోండని మైక్రోసాఫ్టే చెప్పాల్సి వచ్చింది. రెండోది, 'బేసిక్ డిస్క్‌ను డైనమిక్ డిస్క్‌గా మారుస్తాం' అని ప్రశ్న వస్తే 'నో' అనాలి. మూడోది, డిని తీసేశాక నల్ల గీత బదులు ఆకుపచ్చ రంగులో 'ఫ్రీ స్పేస్' అని వస్తే ఆ జాగా సికి పనికిరాదు. పాత కంప్యూటర్లలో డి, ఇ డ్రైవ్‌లు కలిసి ఒక పెద్ద పెట్టెలో ఉంటాయి, ఇలా కనిపించేది అక్కడే. ఆ పెద్ద పెట్టె తీయాలంటే ఇ కూడా పోవాలి. నాలుగోది, కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండొచ్చు. దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకున్నాకే చేయి పెట్టాలి.

డిని డిలీట్ చేయకుండా దాని మొదలును కుడివైపు జరిపే ప్రోగ్రామ్‌లు కూడా ఉన్నాయి. పెన్ డ్రైవ్ నుంచి నడిచే జీపార్టెడ్ అలాంటిదే, ఉచితం. ఇందులో గీత ఒక్కటే మారదు, లోపలి సామాను అంతా మోసి పక్కకు పెట్టాలి. పాత హార్డ్ డిస్క్ మీద వంద జీబీలు ఉంటే గంటలు పడుతుంది. మధ్యలో కరెంట్ పోతే సగం ఫైళ్లు పాత చోట, సగం కొత్త చోట ఉండిపోతాయి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద, వానాకాలం సాయంత్రం ఈ పని పెట్టుకోకూడదు. ల్యాప్‌టాప్ అయినా ఛార్జర్ తగిలించే చేయాలి. "డిలీట్ లేదు కదా, కాపీ ఎందుకు" అనుకోవద్దు, దీనికీ కాపీ ముందే తీసుకోవాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి 11కు మారాలని ఇప్పుడు ఈ పని పెట్టుకుంటున్నవాళ్లు చాలామంది. విండోస్ 11కు కనీసం 64 జీబీ డిస్క్ కావాలి. అయితే కంప్యూటర్ అంత పాతదైతే సి పెంచినంత మాత్రాన 11 ఎక్కదు, ప్రాసెసర్ కూడా దానికి సరిపోవాలి. డబ్బు పెట్టే ముందు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' నడిపి చూసుకోవాలి. డిస్క్ నుంచి టకటక చప్పుడు వస్తున్నా, ఫైళ్లు తెరవడానికి నిమిషాలు పడుతున్నా గీతలు జరపడం వృథా. ముందు ఫొటోలు కాపీ చేసుకుని ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడమే మేలు.

షాపులో ఇస్తే "సి పెంచండి" అని ఒక్క మాట అని వచ్చేయకూడదు. డిలో ఏమున్నాయో చెప్పాలి, డిలీట్ చేసి చేస్తారా, జరిపి చేస్తారా అని అడగాలి. బయటి డిస్క్‌లోని కాపీని షాపులో ఇవ్వకుండా ఇంట్లోనే ఉంచుకోవాలి. కంప్యూటర్ తిరిగొచ్చి, అన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక కూడా ఆ కాపీని చెరపనక్కర్లేదు. ఆ డిస్క్ బీరువాలోనే ఉండనివ్వొచ్చు.