వెబ్ పుట ఏల చెదరును?

అచ్చుపుస్తకమునకు ఒక సుగుణము కలదు. ముద్రణాలయములో అక్షరములు ఏ వరుసలో కూర్చబడినవో, ఏ బొమ్మ ఏ మూల నుంచబడినదో, ఆ పుస్తకమును హైదరాబాదులో తెరచినను, శ్రీకాకుళములో తెరచినను, ఏబది సంవత్సరముల పిమ్మట తెరచినను ఆ కూర్పు మారదు. వెబ్ పుట అట్టిది కాదు. అది పాఠకుని కంప్యూటరుకు పుటగా చేరదు. పుటను ఎట్లు కూర్చవలెనో తెలుపు ఆదేశముల పట్టికగా చేరును. ఇది శీర్షిక, ఇది పేరా, ఈ బొమ్మ ఇంత వెడల్పు అను ఆ ఆదేశములను చదివి, తెరపై పుటను కూర్చు ప్రోగ్రామునకే బ్రౌజరు అని పేరు. అనగా ప్రతి యంత్రములోను ఒక కంపోజిటరు కూర్చుండి, పుట తెరచిన ప్రతిసారియు దానిని క్రొత్తగా కూర్చుచున్నాడని భావింపవచ్చును.

ఒకే ఆదేశమును ఇద్దరు కంపోజిటర్లు రెండు విధములుగా గ్రహించినచో ఏమగును? ఒకే పుట ఒక యంత్రముపై చక్కగాను, మరియొక దానిపై చిందరవందరగాను కనబడును. 1990 దశకములో ఈ చిక్కు నిజముగనే ఏర్పడినది. దానిని విప్పుటకు పన్నిన ఉపాయము నేటికిని బ్రౌజర్లలో నిలిచియున్నది. తప్పును దిద్దుట ఎంత కష్టమో, దిద్దకుండుట ఎంత నష్టమో ఆ ఉపాయమును గమనించినచో తెలియును.

బ్రౌజర్ల పుట్టుక

జెనీవా నగరము చెంత నున్న సెర్న్ పరిశోధనా సంస్థలో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించి, 1990లో మొదటి బ్రౌజరును నిర్మించెను. పుటలోని విషయమును గుర్తించుటకు ఆయన ఏర్పరచిన భాష హెచ్.టి.ఎమ్.ఎల్. 1993లో అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన కేంద్రము నుండి మొజాయిక్, 1994లో నెట్‌స్కేపు, 1995లో మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు వెలువడినవి. నియమములన్నియు స్థిరపడకమునుపే బ్రౌజర్లు పోటీపడి వృద్ధిచెందినవి. ఒకరు చేర్చిన సౌకర్యము మరియొకరి బ్రౌజరులో ఉండెడిది కాదు. ఉన్నను అదే రీతిగా పనిచేసెడిది కాదు.

నియమములను స్థిరపరచుటకై 1994లో డబ్ల్యూ త్రీ సి అను సంఘమేర్పడినది. ఆ సంవత్సరమే హోకున్ వియుమ్ లీ అను నార్వే దేశస్థుడు పుట యొక్క రూపమును తెలుపుటకు ప్రత్యేకమైన భాష నొకదానిని ప్రతిపాదించెను. అదియే సి.ఎస్.ఎస్. దాని మొదటి ప్రమాణము 1996 డిసెంబరులో ప్రకటితమైనది. అయితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు మూడవ సంస్కరణ అంతకు నాలుగు నెలల ముందే, 1996 ఆగస్టులో, సి.ఎస్.ఎస్.లో కొంత భాగమును గ్రహించి విడుదలయ్యెను. శాస్త్రము పూర్తికాక మునుపే దానిని అనుసరించు యంత్రము జనుల చేతికి వచ్చినదన్నమాట.

లోకొలత, వెలికొలత

ఈ పోటీలో తలెత్తిన భేదములలో మిక్కిలి ప్రసిద్ధమైనది పెట్టె కొలతకు సంబంధించినది. దీనిని ఇల్లు కట్టుటతో పోల్చినచో సులభముగా బోధపడును. "గది పది అడుగులు ఉండవలెను" అని మేస్త్రితో చెప్పినచో, ఆ పది అడుగులు గోడల నడుమ నుండు ఖాళీయా, లేక గోడలను కూడ కలిపిన కొలతయా అను ప్రశ్న పుట్టును. మొదటిది లోకొలత, రెండవది వెలికొలత. ఏదో ఒకటి ముందుగా నిశ్చయింపనిచో గది చిన్నదైపోవుటయో, గోడ ప్రక్కవాని స్థలములోనికి జరుగుటయో సంభవించును.

వెబ్ పుటలో ప్రతి పేరాయు, ప్రతి బొమ్మయు ఒక పెట్టె వంటిది. నడుమ విషయము, దాని చుట్టును కొంత ఖాళీ, ఆ ఖాళీ చుట్టును అంచుగీత ఉండును. తెరపై కొలతకు పిక్సెలు, అనగా తెరమీది చుక్క, ప్రమాణము. ఒక పెట్టె వెడల్పు 300 పిక్సెళ్లు, ఇరుప్రక్కల ఖాళీ 20 చొప్పున, అంచుగీత 5 చొప్పున అని ఆదేశించినా రనుకొందము. సి.ఎస్.ఎస్. ప్రమాణము ప్రకారము వెడల్పు అనగా లోకొలత. కావున పెట్టె మొత్తము 300 + 40 + 10 = 350 పిక్సెళ్లు ఆక్రమించును. విండోసుపై ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 5, 5.5 సంస్కరణలు వెడల్పును వెలికొలతగా గ్రహించినవి. వాటిలో పెట్టె మొత్తము 300 మాత్రమే. లోపల విషయమునకు మిగులునది 250.

ఏబది చుక్కల భేదము అల్పముగా తోచవచ్చును. కాని 700 పిక్సెళ్ల పుటలో 300, 400 వెడల్పు గల రెండు నిలువు వరుసలను ప్రక్కప్రక్కన నిలిపిరనుకొనుడు. ఎక్స్‌ప్లోరరు 5లో అవి సరిగా ఇమిడిపోవును. ప్రమాణమును పాటించు బ్రౌజరులో, పై చెప్పిన ఖాళీలు, అంచులు రెండు వరుసలకు ఉన్నచో, అవి 350, 450 అగును, మొత్తము 800. చోటు చాలక రెండవ వరుస జారి మొదటిదాని క్రిందికి దిగును. పాఠకునికి పుట సగము ఖాళీగా, మిగిలిన సగము ఎక్కడనో అడుగున కనబడును. వ్రాసినవాడు తప్పుచేయలేదు, చదువువాడును తప్పుచేయలేదు. కొలత యొక్క అర్థమే మారినది.

రెండు బ్రౌజర్లకును సరిపోవునట్లు పుటలు వ్రాయుట కొరకు చిత్రమైన ఉపాయములు పుట్టినవి. ఎక్స్‌ప్లోరరు 5 ఆదేశములను చదువుటలో మరియొక లోపము కలిగియుండెను. ఒకానొక విధముగా వ్రాసిన వాక్యము వద్ద అది చదువుట ఆపివేసెడిది. దానికి ముందు వెలికొలతను, తరువాత లోకొలతను వ్రాసినచో, ఆ బ్రౌజరు మొదటిదానితో ఆగును. తక్కినవి రెండవదానిని గ్రహించును. ముల్లును ముల్లుతో తీసినట్లు, ఒక లోపమును దాటుటకు మరియొక లోపమును వాడుకొనిరి. ఈ ఉపాయమును కనిపెట్టినవాడు టాంటెక్ చెలిక్.

తప్పును దిద్దుటలో చిక్కు

అట్లయిన బ్రౌజరులోని తప్పును దిద్దివేయరాదా అను ప్రశ్న సహజము. చిక్కంతయు అక్కడనే ఉన్నది. అప్పటికే లెక్కలేనన్ని పుటలు ఆ తప్పు కొలతను నమ్మి వ్రాయబడినవి. బ్రౌజరును దిద్దినంతనే అవి యన్నియు చెదరిపోవును. వాటిని వ్రాసినవారిలో పలువురు ఆ పని విడిచి వెళ్లిరి. పాఠకుడు పాత పుట చెదరుట చూచి పుటను నిందింపడు. "క్రొత్త బ్రౌజరు చెడ్డది" అని పాతదానికే తిరిగిపోవును. దిద్దినచో పాత పుటలకు హాని, దిద్దనిచో క్రొత్త పుటలకు హాని.

దీనికి పరిష్కారము పుట మొదటి వరుసలో దొరికినది. హెచ్.టి.ఎమ్.ఎల్. పుటకు తలమానికముగా డాక్‌టైప్ అను ప్రకటన నుంచవలెనని నియమము కలదు. ఈ పుట భాష యొక్క ఏ సంస్కరణలో వ్రాయబడినదో అది తెలుపును. 1990 దశకములో దానిని వ్రాసినవారు తక్కువ. నియమములను శ్రద్ధగా చదివినవారే సంపూర్ణముగా వ్రాసెడివారు. కావున ఆ వరుస ఒక ఆనవాలుగా ఉపయోగపడినది. పూర్తి ప్రకటన ఉన్నచో, వ్రాసినవాడు ప్రమాణము తెలిసినవాడని యెంచి, పుటను ప్రమాణ పద్ధతిలో కూర్చవలెను. లేనిచో అది పాతకాలపు పుట యని యెంచి, పాత తప్పులతోనే కూర్చవలెను. ఈ రెండవదానికి క్వర్క్స్ మోడ్, అనగా వింత పద్ధతి, అని పేరు.

దీనిని మొదట అమలుచేసినది 2000 మార్చిలో విడుదలైన మాకింటాషు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 5. పైన చెప్పిన టాంటెక్ చెలిక్ దానిలో పుటలను కూర్చు భాగమునకు నిర్మాణ నాయకుడు. 2001లో విండోసుపై వచ్చిన ఎక్స్‌ప్లోరరు 6 ఇదే మార్గమున ప్రమాణ పద్ధతిలో లోకొలతను, వింత పద్ధతిలో పాత వెలికొలతను పాటించెను. మొజిల్లా, ఒపేరా, సఫారి బ్రౌజర్లును వింత పద్ధతిని చేర్చుకొనినవి.

వత్తులకు విడిచిన చోటు

ప్రమాణమును పాటించినంతనే అన్నియు చక్కబడునని చెప్పుటకు వీలులేదు. ఆ కాలమున ఒక పెద్ద బొమ్మను ముక్కలుగా కోసి, ఆ ముక్కలను పట్టిక గళ్లలో అతికి చూపుట వాడుక. ప్రమాణ పద్ధతిలో ఆ ముక్కల నడుమ సన్నని పగుళ్లు కనబడసాగినవి. కారణమేమి? సి.ఎస్.ఎస్. ప్రకారము బొమ్మ కూడ అక్షరము వలె పంక్తి యొక్క ఆధారరేఖపై నిలుచును. ఆ రేఖ క్రింద, దిగువకు దిగు అక్షరభాగములకై కొంత చోటు విడువబడును. తెలుగులో వత్తులు క్రిందికి దిగుట వంటిదే ఇది. గడిలో అక్షరమే లేకపోయినను వత్తు చోటు మాత్రము మిగిలిపోయి పగులుగా కనబడినది. నియమము సరియైనదే, ఫలితము మాత్రము వికారము. ఇట్టి పుటల కొరకు, ఈ ఒక్క విషయములో పాతదానిని అనుసరించుచు తక్కినవాటిలో ప్రమాణమును పాటించు మూడవ పద్ధతి యొకటి ఏర్పడినది. దానిని "దాదాపు ప్రమాణ పద్ధతి" యనిరి.

తెలుగు పుటల అనుభవము

ఒక్క బ్రౌజరునే నమ్ముకొనుట వలన వచ్చు నష్టము తెలుగు పాఠకులకు మరియొక రూపమున తెలిసినది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంస్కరణలోనే తెలుగు లిపికి స్థానము లభించినది. కాని సామాన్య కంప్యూటర్లలో దానిని చూపు సౌకర్యము వచ్చుటకు కాలము పట్టినది. విండోసు ఎక్స్.పి.తో గౌతమి అను తెలుగు ఫాంటు 2001లో వచ్చినది. ఈ లోగా తెలుగు పత్రికల వెబ్ సైట్లు తమతమ సొంత ఫాంట్లను వాడినవి. ఆంగ్లాక్షరముల సంకేతములకే తెలుగు అక్షరముల ముక్కలను తగిలించి, ఫాంటును పుటతోపాటు పంపెడివారు. అట్లు పంపుటకు నెట్‌స్కేపు, ఎక్స్‌ప్లోరరు వేరువేరు విధములను అనుసరించినవి. ఫాంటు అందని బ్రౌజరులో వార్తకు బదులు అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు కనబడెడిది. ఈ ఇబ్బందిని తొలగించుటకే ఫైర్‌ఫాక్సు బ్రౌజరుకు "పద్మ" అను అనుబంధము తయారైనది. అది ఆ సంకేతములను చదివి యూనికోడులోనికి మార్చి చూపెడిది. పెట్టె కొలతలో తప్పు పుట రూపమును చెరచినది. సంకేతములో భేదము భాషనే చెరచినది.

పాత బ్రౌజర్ల గతి

ఎక్స్‌ప్లోరరు 6 వచ్చిన పిమ్మట ఏడవ సంస్కరణ వచ్చుటకు ఐదు సంవత్సరములు పట్టినది. ఆ కాలములో అనేక కార్యాలయములు తమ పనులకు కావలసిన పుటలను ఆ ఒక్క బ్రౌజరుకే సరిపోవునట్లు వ్రాయించుకొనెను. ఫలితముగా అది ముసలిదైనను దానిని విడువలేని స్థితి ఏర్పడినది. 2011లో మైక్రోసాఫ్టు సంస్థయే దాని వాడుక మానుడని ప్రచారము చేయవలసివచ్చినది. తుదకు 2022 జూన్ 15న విండోసు 10పై ఎక్స్‌ప్లోరరు 11కు మద్దతు ముగిసినది. అయినను పాత పుటలు కావలసిన సంస్థల కొరకు ఎడ్జ్ బ్రౌజరులో ఎక్స్‌ప్లోరరు పద్ధతిని చేర్చవలసివచ్చినది.

పాత బ్రౌజరు వలన కలుగు హాని రూపముతో ఆగదు. సమాచారమును రహస్యముగా చేరవేయు టి.ఎల్.ఎస్. అను ఏర్పాటు యొక్క 1.0, 1.1 సంస్కరణలు 2021 మార్చిలో వాడదగనివిగా ప్రకటింపబడినవి. అవి తప్ప వేరొకటి తెలియని బ్రౌజరు నేటి అనేక సైట్లను తెరవనే తెరవజాలదు. క్రొత్తగా కనుగొనబడు భద్రతా లోపములకు దానిలో మరమ్మతు ఉండదు. పుట చెదరుట కంటికి కనబడును. ఈ లోపములు కనబడవు.

పుట వ్రాయువారికి సి.ఎస్.ఎస్.లోనే ఒక మార్గము కలదు. తెలియని ఆదేశము ఎదురైనచో బ్రౌజరు దానిని విడిచి ముందుకు పోవలెనని ఆ భాష నియమము. కావున పాత బ్రౌజరుకు తెలిసిన ఆదేశమును ముందు, క్రొత్తదానిని దాని వెనుక వ్రాసినచో, పాతది మొదటిదానితో తృప్తిపడును; క్రొత్తది రెండవదానిని అందుకొనును. పాతదానిలో పుట అంత సొంపుగా ఉండకపోవచ్చును గాని చదువుటకు వీలుగా ఉండును.

తరగతిలో చేయదగిన ప్రయోగము

వింత పద్ధతిని విద్యార్థులు స్వయముగా చూడవచ్చును. ఒక చిన్న హెచ్.టి.ఎమ్.ఎల్. పుటలో ఒక పేరాకు పసుపుపచ్చని నేపథ్యము నిచ్చి, దాని వెడల్పును 300 అని మాత్రము వ్రాయవలెను. పిక్సెలు అను ప్రమాణమును కావలెననియే విడువవలెను. డాక్‌టైప్ వరుస లేకుండ తెరచినచో, బ్రౌజరు లోపమును మన్నించి పసుపు పట్టీని 300 పిక్సెళ్లకు కుదించును. ఆ వరుసను చేర్చి మరల తెరచినచో, ప్రమాణము లేని సంఖ్యను త్రోసిపుచ్చి పట్టీని కిటికీ నిండ పరచును. ఒక్క వరుస చేరుటచే పుట ఎట్లు మారునో కంటికి కట్టును. భౌతికశాస్త్రములో ప్రమాణము లేని కొలతకు అర్థము లేదను పాఠమునకును ఇది చక్కని ఉదాహరణము.

వెలికొలత మాట ఏమైనది? దోషముగా త్రోసివేయబడిన ఆ కొలతలో ఒక సౌలభ్యము కలదని అనుభవము మీద తెలిసినది. పుటను వరుసలుగా పంచువానికి, మేస్త్రికి వలెనే, మొత్తము ఆక్రమించు చోటు ముందుగా తెలియుట మేలు. అందుచే బాక్స్ సైజింగ్ అను ఆదేశమును సి.ఎస్.ఎస్.లో చేర్చి, ఏ కొలత కావలెనో వ్రాయువాడే చెప్పుకొనునట్లు ఏర్పరచిరి. అది 2018లో ప్రమాణముగా స్థిరపడినది. నేడు పుటలు వ్రాయువారిలో అనేకులు వెలికొలతనే కోరుదురు. అసలు లోపము వెలికొలతలో లేదు. అది ఏ కొలతయో చెప్పకపోవుటలో ఉన్నది.

సెర్న్ సంస్థ 2013లో తన తొలి వెబ్ పుటను దాని పూర్వపు చిరునామాలోనే మరల నిలిపినది. 1990 దశకపు ఆరంభములో వ్రాసిన ఆ పుటకు డాక్‌టైప్ వరుస లేదు. నేటి బ్రౌజరు దానిని వింత పద్ధతిలోనే తెరచును. అందలి ప్రతి మాటయు చదువుటకు వీలుగానే ఉన్నది.