నీటి పందెం - నిండు ప్రాణం: బాధ్యత ఎవరిది?

నీరు ప్రాణాధారమని అందరికీ తెలుసు. ఆ నీరే మితిమీరితే ప్రాణం తీస్తుందని తెలిసినవారు తక్కువ. 2007 జనవరి 12న అమెరికాలోని శాక్రమెంటో నగరంలో జరిగిన దుర్ఘటన ఇందుకు నిదర్శనం.

అక్కడి ఒక ఎఫ్.ఎం. రేడియో కేంద్రం శ్రోతలకు ఒక పోటీ నిర్వహించింది. కొద్ది నిమిషాలకొకసారి ఇచ్చే నీటిని తాగుతూ, మూత్రవిసర్జనకు వెళ్ళకుండా ఎక్కువసేపు నిలిచినవారికి ‘వీ’ అనే వీడియో ఆటల యంత్రం బహుమతి. ముగ్గురు బిడ్డల తల్లి అయిన 28 ఏళ్ళ మహిళ తన పిల్లల కోసం ఆ పోటీలో పాల్గొన్నది. గెలవలేదు. తీవ్రమైన తలనొప్పితో ఇల్లు చేరి, కొద్ది గంటలలోనే మరణించింది.

నీరు విషమయ్యేదెలా?

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు గంటకు సుమారు ఒక లీటరు నీటిని మాత్రమే విసర్జించగలవు. అంతకు మించి తాగిన నీరు రక్తంలో చేరి, అందులోని సోడియంను పలుచన చేస్తుంది. లీటరు రక్తద్రవంలో 135 నుండి 145 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండవలసిన సోడియం వేగంగా పడిపోతే, నీరు మెదడు కణాలలోకి చొరబడి వాటిని ఉబ్బిస్తుంది. కపాలం వ్యాకోచించదు కనుక మెదడుపై ఒత్తిడి పెరుగుతుంది. తలనొప్పి, వికారం, వాంతులు, తికమక, మూర్ఛ దీని లక్షణాలు. ఈ లక్షణాలు కనిపించినవారికి మరింత నీరు పట్టించరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఆయుర్వేదం ఏమంటుంది?

చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం పేరే ‘నవేగాన్‌ధారణీయం’. మలమూత్రాది పదమూడు సహజవేగాలను బలవంతంగా ఆపరాదని అందులోని బోధ. నీటిని సైతం దాహాన్నిబట్టి, మితంగా సేవించాలనే మన వైద్యం చెబుతుంది. ఆనాటి పోటీ ఈ రెండు నియమాలనూ ఒక్కసారే ఉల్లంఘించింది. ప్రాణం తీసింది మాత్రం అతిజలపానమే.

దోషం ఎవరిది?

“ఇష్టపడే పాల్గొన్నారు, పత్రంపై సంతకం చేశారు” అనడం నిర్వాహకులకు పరిపాటి. కాని ప్రమాదమేమిటో చెప్పకుండా తీసుకొన్న అంగీకారం అంగీకారమే కాదు. పైగా ఆనాడు ప్రసారం సాగుతుండగానే ఒక శ్రోత ఫోన్ చేసి, ఇది ప్రాణాంతకమని హెచ్చరించినా పోటీని ఆపలేదు. 2009లో జ్యూరీ ఆ రేడియో సంస్థనే బాధ్యురాలిగా నిర్ణయించి, మృతురాలి కుటుంబానికి 1 కోటి 65 లక్షల డాలర్లకు పైగా పరిహారం ప్రకటించింది. మృతురాలిపై ఏ దోషమూ మోపలేదు.

తెలిసి చేసే తప్పును చరకుడు ‘ప్రజ్ఞాపరాధం’ అన్నాడు. దానిని సాధారణంగా రోగికే అన్వయిస్తాము. ఈ ఉదంతంలో ఆ అపరాధం హెచ్చరికను పెడచెవిన పెట్టినవారిది.

మన ఇళ్ళలో...

ఉత్సవాలలోనూ, దుకాణాల ప్రచారాలలోనూ తిండి పందేలు, నీటి పందేలు కనిపిస్తూనే ఉంటాయి. పిల్లలను వాటికి పంపేముందు పెద్దలు ఒక్క ప్రశ్న అడగాలి: “దగ్గర వైద్యుడున్నాడా? ప్రమాదమేమిటో ముందుగా చెప్పారా?” సమాధానం లేని చోట బహుమతి ఎంతటిదైనా వెనుదిరగడమే వివేకం. చాలునని శరీరం చెప్పినప్పుడు ఆగడం ఓటమి కాదు, ఆరోగ్యరక్షణ.