ముట్టునొప్పికి చిన్న కరెంటు

2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం, ఉద్యోగం చేసే ఆడవాళ్లకు నెలకొక రోజు జీతంతో నెలసరి సెలవు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మా అపార్టుమెంటులో పెద్ద చర్చే జరిగింది. బీహారులో ప్రభుత్వోద్యోగినులకు 1992 నుంచే నెలకు రెండు రోజులు ఉంది. సెలవు మంచిదే. కానీ సెలవు పెట్టి మంచం మీద ముడుచుకుని పడుకున్నంత మాత్రాన నొప్పి పోతుందా? పరీక్ష రోజున వస్తే ఆడపిల్ల ఏం చేయాలి?

"ఆడపుట్టుక అన్నాక తప్పుతుందా, పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనడం మనకు అలవాటు. మూల కూర్చోబెట్టడం మానేశాం గానీ ఈ మాట మానలేదు.

మా అత్తగారి మోకాళ్ల కోసం ఫిజియోథెరపిస్టు చెప్పగా కొన్న చిన్న యంత్రం మా ఇంట్లో ఉంది. దాన్ని 'టెన్స్' అంటారు. అరచేతిలో పట్టే పెట్టె, రెండు వైర్లు, చర్మానికి అతికించే జిగురు బిళ్లలు, అంతే. కాలేజీకి వెళ్లే మా అమ్మాయి, "ఇది నేను పెట్టుకోవచ్చా అమ్మా?" అని అడిగింది. లేడీ డాక్టరుగారిని అడిగితే, పరీక్ష చేసి, నిక్షేపంలా వాడుకోమన్నారు.

ఇదెలా పనిచేస్తుందో చెబుతాను. ముట్టు సమయంలో గర్భాశయపు లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై, గర్భాశయాన్ని గట్టిగా పిండుతాయి. నొప్పి అందుకే. మోచెయ్యి తలుపుకు కొట్టుకుంటే వెంటనే రుద్దుకుంటాం కదా, ఎందుకు? ఆ స్పర్శ వెన్నుపాములో నొప్పి కబురుకు అడ్డుపడుతుంది. మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో దీన్నే 'గేటు సిద్ధాంతం'గా చెప్పారు. టెన్స్ చేసేదీ ఆ రుద్దడమే, కాకపోతే కరెంటుతో. (రెండువేల ఏళ్ల కిందట రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు తలనొప్పికి కరెంటు చేపను వాడమన్నాడట. మనం నయం, బ్యాటరీతో సరిపెట్టుకుంటున్నాం!)

1994లో స్వీడన్ వైద్యులు కొద్దిమంది స్త్రీలలో దీన్ని నేప్రోక్సెన్ మాత్రతో పోల్చి చూశారు. మాత్ర గర్భాశయపు పిండుడును తగ్గించింది. టెన్స్ దాని జోలికి పోలేదు, అయినా నొప్పి త్వరగా తగ్గింది. అంటే ఇది నొప్పి కబురును ఆపుతుందే తప్ప కారణాన్ని తీసేయదు. 2024లో వెలువడిన కోక్రేన్ సమీక్ష కూడా ఉపయోగం ఉండవచ్చంటూనే, రుజువులు ఇంకా బలంగా లేవని చెప్పింది. మా అమ్మాయికి పూర్తిగా పోదు, కానీ లేచి క్లాసుకు వెళ్లగలుగుతోంది. మరీ ఎక్కువైన రోజున డాక్టరు రాసిన మాత్ర కూడా వేసుకుంటుంది.

బిళ్లలు బొడ్డు కింద పొత్తికడుపు మీద గానీ, నడుం మీద గానీ అతికించాలి. సెకనుకు 80 నుంచి 100 సార్లు కొట్టుకునేలా పెట్టి, చీమలు గట్టిగా పాకినట్టు అనిపించేదాకా మెల్లగా పెంచాలి. చురుక్కుమంటే ఎక్కువైనట్టే. అరగంటకు పైగా ఉంచుకోవచ్చు. చాలామందికి ఆపిన కాసేపటికే నొప్పి తిరిగి వస్తుంది, కంగారుపడకండి. చుడీదారు లోపల పెట్టుకుంటే ఎవరికీ కనిపించదు. నిద్రపోయేటప్పుడు, స్నానానికి వెళ్లేటప్పుడు తీసేయాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భం అనుమానం ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. పుండ్ల మీద, మెడ ముందు భాగంలో, ఛాతీ మీద పెట్టకూడదు.

ఇంకొక మాట తల్లులకు. నొప్పి నెలనెలా పెరుగుతున్నా, ముట్టు లేని రోజుల్లోనూ ఉన్నా, రక్తస్రావం విపరీతంగా ఉన్నా యంత్రంతో సరిపెట్టకండి. ఎండోమెట్రియోసిస్ వంటి జబ్బులు "అందరికీ ఉండేదే" అన్న మాట చాటున ఏళ్ల తరబడి దాక్కుంటాయి. అలాంటప్పుడు ముందు స్కానింగు, ఆ తర్వాతే బిళ్లలు.